సందేహభారము ఎవరిది?

మారికుప్పము రైలుదారికి కడపటి స్టేషను. బంగారుపేటనుండి వచ్చు బండి ఊరిగాము, చాంపియను స్టేషనులను దాటి యిచ్చట నిలిచిపోవును. ఇక ముందునకు దారి లేదు. 1894లో వేసిన యీ దారి ప్రధానముగా గనులకొఱకై పుట్టినది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి, దారిమాత్రము మిగిలినది. నాడు పనికొఱకు మన పెద్దలను ఇచ్చటికి తెచ్చిన బండియే నేడు పనికొఱకు మన బిడ్డలను తెల్లవారుజామున బెంగుళూరికి కొనిపోవుచున్నది.

గనులు మనకు విడిచిపోయినవి రెండు. ఒకటి కంటి కగపడును: బంగారమును తీసివేసిన పిమ్మట కొండలవలె పోసిన సయనైడు దిబ్బలు. రెండవది కంటి కగపడదు: ఏండ్లతరబడి భూగర్భమున పలుగురాతిని తొలిచినవారి ఊపిరితిత్తులలో చేరిన దుమ్ము. దిబ్బలకు సాక్ష్యము నెవ్వరు నడుగరు. ఊపిరికిమాత్రము రుజువు కావలయును. ఆ రుజువు నడుగువానికిని ఇచ్చువానికిని నడుమ నుండవలసిన ధర్మమేది యను ప్రశ్నను ఈ సంచికలో మన కుటుంబములయెదుట నుంచ దలచితిమి.

ముందుగా మే మెఱిగిన యొక సంగతి చెప్పెదము. లైన్లలో కాపురమున్న యొక పెద్దాయనకు అంగవైకల్యపు పింఛను వచ్చుచుండెను. కొంతకాలమునకు ఆయన స్థితిని మరల పరిశీలింతుమని పిలుపు వచ్చెను. పెద్దాయన ఆ దినమున ఉదికిన పంచె కట్టుకొని, తల దువ్వుకొని, కూతురు వెంట రాగా వెళ్లెను. పెద్దవారి యెదుట దగ్గరాదని నేర్చిన తరమువాడు గనుక, లోపలికి పోకమునుపే చెట్టుక్రింద నిలిచి దగ్గవలసిన దగ్గంతయు దగ్గి, ఆ మీదట లోనికి పోయెను. వైద్యుడు మర్యాదస్థుడే, తెలుగు తెలిసినవాడే. “ఏం తాతా, బాగుండారా?” అని పలుకరించెను. “మీ దయవల్ల బాగుండాను సామీ” అని ఆయన చేతులు జోడించెను.

నెల దాటిన పిమ్మట ఇంగ్లీషులో నొక కాగితము వచ్చెను. పొరుగింటి పిల్లవాడు చదివి చెప్పెను. తనకు బాధ యేమియు లేదని అభ్యర్థియే స్వయముగా చెప్పినాడనియు, పరీక్షాసమయమున దగ్గుగాని ఆయాసముగాని కానరాలేదనియు, కావున పింఛనునకు అర్హత లేదనియు దాని సారాంశము. పిమ్మట అప్పీలు చేసిరి. ఎక్స్‌రే పటములను, ఊపిరి పరీక్షల ఫలితములను చూపిరి. ఎనిమిది నెలలకు ఆయనయే గెలిచెను. ఆ యెనిమిది నెలలలో ఇంటికి పాలు పోయించుకొనుట మానిరి; మందులు సగము మానిరి; మనుమరాలి చెవికమ్మలు సేటు అంగడిలో కుదువకు పోయినవి. గెలిచితిమని కూతురు వచ్చి చెప్పిననాడు పెద్దాయన సంతోషింపలేదు. “నేను అబద్ధం చెప్పినానని అనుకునేసినారు గదా” అని ఒక్కమాట యనెను.

ఇందులో దుర్మార్గు డెవడు? వెదకినను కానరాడు. వైద్యుడు విన్నది వ్రాసెను. గుమాస్తా నిబంధన ననుసరించెను. పెద్దాయన తల్లిదండ్రులు నేర్పిన మర్యాదను పాటించెను. ముగ్గురును తమతమ పనులను సరిగానే చేసిరి. అయినను అన్యాయము జరిగెను. కావున ఈ సమస్య చెడ్డవారిని పట్టుకొనినంతమాత్రమున తీరునది కాదు. సందేహము కలుగుట సహజము. కలిగిన సందేహము తీరువఱకు దాని బరువును మోయవలసిన దెవ రనునదే అసలు ప్రశ్న.

ఎదుటిపక్షము వాదమునుగూడ న్యాయముగా వినవలెను. ప్రభుత్వధనము ప్రజలధనము. లంచమిచ్చి తెచ్చుకొన్న ధ్రువపత్రములు లేవని యెవ్వరును ప్రమాణము చేయలేరు. నడవగలవాడు నడవలేనివాని పేర తీసికొను సొమ్ము మొట్టమొదట నడవలేనివాని నోటినుండి తీసినదే. కొన్ని వ్యాధులు కాలక్రమమున తగ్గుటయు గలదు. కావున పునఃపరిశీలన కూడదనువాడు ఖజానాకు తలుపు అక్కరలేదనువానితో సమానుడు. ఇంతవఱకు మాకు పేచీ లేదు.

అయితే పరిశీలించువాడు చేయగల తప్పులు రెండు. అర్హత లేనివాని కిచ్చుట యొకటి. అర్హతగలవానికి మాన్పుట రెండవది. మొదటి తప్పువలని నష్టము కోట్లమంది పన్నుదారులపై రవ్వంత రవ్వంతగా పడును. కనుగొన్ననాడు సొమ్మును రాబట్టవచ్చును. రెండవ తప్పువలని నష్టమంతయు ఒక్క యింటికప్పుపై పడును. కనుగొన్ననాడు బాకీ సొమ్ము నీయవచ్చునుగాని, మానిన మందును వెనుకటి తేదీతో మ్రింగించుట యెవరితరము? రెండు తప్పులును సమానములే యని తలచి నియమములు చేయువాడు తక్కెడను సరిచూడక తూచువాడు.

ఇందు మన ప్రాంతపు వ్యాధినిగూర్చి కొంత చెప్పవలసియున్నది. రాతిని తొలిచినపుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, అచ్చటి మెత్తని కండను మచ్చగట్టించి బిరుసు చేయును. దీనికే సిలికోసిస్ అని పేరు. ఇది పనిచేయుచున్న నాళ్లలోనే బయటపడవలెనను నియమము లేదు. పని మానిన యేండ్లకు తలయెత్తవచ్చును. దుమ్మునకు దూరమైన తరువాతను పెరుగుచునే యుండవచ్చును. దీనిని మాన్పు మందు లేదు. ఈ వ్యాధి గలవారికి క్షయ సులభముగా సోకును. 1940వ దశకమున కోలారు గనులలో 7,600 మందికి పైగా కార్మికులను వైద్యులు పరీక్షింపగా నూటికి 40 మందికి మించి యీ వ్యాధి కానవచ్చెను. 1947లో ప్రకటితమైన ఆ పరిశీలనయే భారతదేశమున సిలికోసిస్‌కు తొలి ప్రామాణిక సాక్ష్యమని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అనగా దేశములో నెవ్వరికిని ఈ పేరు తెలియకమునుపే మన లైన్లలోని వారికి ఈ దగ్గు తెలియును.

ఇట్టి వ్యాధివిషయమున పునఃపరిశీలన యనిన “తగ్గినదా?” యని మాత్రమే అడుగుట అర్ధప్రశ్న. “పెరిగినదా?” యనికూడ అడిగినప్పుడే అది పూర్ణప్రశ్న యగును. 1923వ సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టము ఈ సూక్ష్మమును ఎఱిగియుండెను. పక్షమునకొకసారి చెల్లించు పరిహారమును పునఃపరిశీలింపుమని ఇరుపక్షములలో నెవరైనను కోరవచ్చును. అయితే స్థితి మారినదను వైద్యుని పత్రము సాధారణముగా జతపడవలయును. పరిశీలనానంతరము పరిహారమును కొనసాగింపవచ్చును, పెంచవచ్చును, తగ్గింపవచ్చును, మాన్పవచ్చును. అంటే ఊరక అనుమానము చాలదు, కారణము కావలయును. పరిశీలన తలుపు లోపలికిని వెలుపలికిని తెఱచుకొనవలయును.

ఆ చట్టమే మరియొక మంచిపని చేసెను. నిర్ణీతకాలము దుమ్ముపనిలో నున్నవానికి సిలికోసిస్ వచ్చినచో, అది పనివలననే వచ్చినదని భావింపవలెను. కాదని యనువాడు యజమానియైనచో కాదని రుజువు చేయవలసినవాడు నాతడే. కమిషనరు తీర్పుపై యజమాని హైకోర్టునకు పోదలచినయెడల తీర్పులోని సొమ్మును ముందుగా జమకట్టవలసియుండెను. చట్టము చేసినవారు వేదాంతులు కారు. అయినను సందేహభారమును బలవంతుని భుజముపై నుంచుట ధర్మమని గ్రహించిరి. ఆ చట్టము 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది. పేరు మారినను ఆ సూత్రము మఱవరానిది.

పరిహారము దానమా, ఋణమా యను ప్రశ్నకు సుప్రీంకోర్టు 1975లోనే సమాధాన మిచ్చినది. సినిమాహాలు పనిలో క్రిందపడి, ఎడమచేతిని మోచేతికి పైభాగమున పోగొట్టుకొన్న యొక వడ్రంగి వ్యవహార మది. పట్టికనుబట్టి చూచిన ఒక చేయి పోవుట నూటికి నూరు వైకల్యము కాదు. కాని ఒంటిచేతితో వడ్రంగము సాగునా? సాగదు, కావున అతనికి జీవనాధారము పూర్తిగా పోయినదని కోర్టు అంగీకరించెను. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. పరిహారమిచ్చు బాధ్యత కమిషనరు తీర్పుచెప్పిన దినమున పుట్టలేదు, గాయము తగిలిన క్షణముననే పుట్టినదని కోర్టు నిర్ణయించెను. విచారణ ఋణమును కనుగొనునే గాని కలిగింపదు. ఈ మాటను అప్పీలుదారులందరు గుర్తుంచుకొనవలెను. వారు యాచకులు కారు, బాకీ అడుగుటకు వచ్చినవారు.

పనిలో దెబ్బతినినవానికి ఋణమందుము సరే, పుట్టుకతో అంగవైకల్యము గలవానికి ఎవరు బాకీ? యని అడుగవచ్చును. ఎవని దేహమున కేనాడు ఏమగునో తెలియని లోకములో, బాగున్నవారు బాగులేనివారి భాగమును తీసిపెట్టుట సంఘజీవనమునకు మూలమైన ఒప్పందము. అదియు నొక ఋణమే. పత్రము లేని ఋణము.

అంగవైకల్యమును శాతములలో కొలుచుట నేటి పద్ధతి. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 40 శాతమును పెక్కు సౌకర్యములకు గడపగా నుంచినది. గడప యేదో యొకటి కావలయును, ఒప్పుకొందము. కాని 40కిని 39కిని నడుమ గీత కాగితముమీద నున్నదే కాని ఊపిరిలో లేదు. ఉదయము పరీక్షించిన శాతమును రాత్రి పరుండలేక గోడ నానుకొని కూర్చున్నప్పుడు పరీక్షించిన మఱియొక శాతము వచ్చును. గీత యెంత సన్ననిదో, దానిపై నిలిచినవానివిషయమున అంత జాగ్రత్త కావలయును.

సరిహద్దు కావల ఆంధ్రప్రదేశమున ఇటీవల జరిగినది మన కందరకును తెలిసినదే. 2024 జూలైనుండి అచ్చట వికలాంగుల పింఛను 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగెను. 2025లో ధ్రువపత్రముల పునఃపరిశీలన సాగెను. ఆగస్టు మాసమున, శాతము చాలదని, పెద్దసంఖ్యలో నోటీసులు పోగా కలవరము పుట్టెను. అటుపిమ్మట నోటీసు లందుకొన్నవారు అప్పీలు చేసికొనవచ్చుననియు, చేసినవారికి ఆలోపల పింఛను అందుననియు ప్రభుత్వము ప్రకటించెను. ఈ తుదినిర్ణయమును మేము మెచ్చుకొనుచున్నాము. విచారణ జరుగనిండు, అది జరుగుచున్నంతకాలము అన్నము ఆగకుండుగాక. కాని యీ మాట నోటీసులకు పిమ్మట కాక నోటీసులోనే మొదటి పంక్తిగా నుండినయెడల, ఎన్ని యిండ్లలో ఎన్ని రాత్రుల నిద్ర మిగిలియుండును!

మన గనులను నడపిన కంపెనీల పుట్టినిల్లయిన బ్రిటనులోను ఇదే కథ. అచ్చట 2013లో ప్రవేశపెట్టిన వైకల్యపు భృతివిషయమున, ట్రైబ్యునలువఱకు పోయి విచారణ జరిగిన అప్పీళ్లలో సగమునకు మించి అభ్యర్థులకే అనుకూలముగా తేలుచు వచ్చినవి. దీనిని చూచి “అప్పీలు పద్ధతి చక్కగా పనిచేయుచున్నది” అని తృప్తిపడువారు గలరు. వారిని మే మొకటి అడుగుదుము: వంతెన దాటినవారిలో సగముమంది ఈతవచ్చుటచే బ్రదికిరనిన, అది వంతెనకు గొప్పయా? ఈత రానివారి మాట యేమి? చదువు లేక, తోడు లేక, చార్జీలకు డబ్బు లేక కాగితమును మడిచి దూలములో దోపుకొని యూరకున్నవాడు తీర్పును ఒప్పుకొన్నవాడు కాడు, ఓపిక లేనివాడు. మౌనము అర్ధాంగీకార మనుమాట ఇచ్చట చెల్లదు.

ఆలస్యమునకు హద్దు లేకున్న నేమగునో దక్షిణాఫ్రికా బంగారుగనులు చూపినవి. అచ్చట గనికార్మికుల ఊపిరితిత్తుల వ్యాధికి 1911లోనే పరిహార చట్టము పుట్టెను. అయినను నల్లజాతి కార్మికులకు న్యాయము కొఱవడినది. తుదకు 2019లో గనికంపెనీలు 500 కోట్ల ర్యాండ్ల పరిహారమునకు చేసికొన్న ఒప్పందమును అచ్చటి హైకోర్టు ఆమోదించెను. అప్పటికి పెక్కుమంది కార్మికులు గతించిరి. వారి భార్యలును బిడ్డలును హక్కుదారులుగా వచ్చిరి. గెలిచిన అప్పీలును సమాధికి చదివి వినిపించుట న్యాయమగునా?

మన పెద్దలు సందేహమును నిందింపలేదు. న్యాయదర్శనము లెక్కించిన పదునారు పదార్థములలో సంశయమును ఒకటి, నిర్ణయమును ఒకటి. అయితే రెంటికిని నడుమ దృష్టాంతము, తర్కము మున్నగు మెట్లెన్నో యున్నవి. సంశయమునుండి నేరుగా నిర్ణయమునకు దుముకువాడు నైయాయికుడు కాడు.

శిబి చక్రవర్తి కథను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. శరణుజొచ్చిన పావురమునకు బదులుగా మాంసమును తూచవలసినపుడు ఆయన తక్కెడను తెప్పించెను. పావురము వైపే మొగ్గుచుండగా తుదకు తానే తక్కెడ నెక్కెను. తూనికను ఆయన కాదనలేదు. తూనికలోని లోటును శరణార్థిపై త్రోయక తనపై వేసికొనెను. నేటి ప్రభుత్వమును దేహమును కోసి యిమ్మని యెవ్వరు నడుగుటలేదు. లెక్క తేలువఱకు నెలసొమ్ము ఆపవలదనియు, నడువలేనివానిని కార్యాలయమునకు పిలుచుటకంటె కార్యాలయమే వాని గడపకు పోవలెననియు, నిరాకరించినచో కారణమును వానికి తెలిసిన భాషలో చెప్పవలెననియు మాత్రమే అడుగుచున్నాము.

ఇక మనలో మనము అనుకొనవలసిన మాటలు. అనుమానము కార్యాలయములలో పుట్టునని తలచుచున్నాము. నిజమునకు అది మన అరుగులమీదనే పుట్టుచున్నది. “వాడు నిన్న ఆండర్సన్‌పేట అంగడిలో చక్కగా నడుచుచుండెను, వానికేమి జబ్బు?” అనునది మన నోటిమాటయే. ఆ నడకకు ముందు ఎన్నిచోట్ల కూర్చుండెనో, తరువాత ఎన్నాళ్లు మంచము పట్టెనో మన మడుగము. ఇరుగుపొరుగున న్యాయముగా తలచుట చేతకానివారము ప్రభుత్వమును తప్పుపట్టు హక్కును సగము పోగొట్టుకొన్నవారమే.

మనది ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కచేరీలో కన్నడము, ఆసుపత్రి కాగితములలో ఇంగ్లీషు అయిన జీవనము. నొప్పి తెలుగులో పుట్టి, తీర్పు ఇంగ్లీషులో వచ్చును. నడుమ కొంత నిజము జారిపోవును. ఆ జారిన నిజమును పట్టుకొనుట చదువుకొన్న మన బిడ్డల విధి. పిలుపు వచ్చిన పెద్దలను ఒంటరిగా పంపకుడు. పనిచేసిన కాలపు కాగితములను, ఎక్స్‌రేలను, మందుల చీటీలను ఒక సంచిలో భద్రపరచుడు. నిరాకరణను వ్రాతపూర్వకముగా అడిగి పుచ్చుకొని, తేదీ గుర్తుంచుకొనుడు. వైకల్యపు ధ్రువపత్రముపై అప్పీలు చేయుహక్కు 2016 చట్టముననే గలదు. వికలాంగులకును పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయసహాయము 1987వ సంవత్సరపు చట్టముననుసరించి లభించును. అన్నిటికంటె ముందుగా పెద్దలకు నచ్చజెప్పవలసిన దొకటి గలదు: పలుకరింపునకు బాగున్నానని చెప్పుట మర్యాద, పరీక్షలో ఉన్న బాధను ఉన్నట్లు చెప్పుట సత్యము. సత్యము చెప్పిన మర్యాద చెడదు.

టన్ను రాతిని పిండిచేసి, కడిగి, వడగట్టి, అందులోని కొలది గ్రాముల బంగారమును విడువక పట్టిన నేల యిది. ఇంత రాతిలో బంగార మెక్కడిదని ఆనాడెవ్వరును విసుగుకొని పారవేయలేదు. అంతటి ఓర్పు రాతికి చూపగలిగినవారము, ఆ రాతిని తొలిచిన మనుష్యుని మాటయందు నిజమును వెదకుటకు చూపలేమా? ఆ పెద్దాయన యింకను ఉన్నారు. సాయంకాలమున గడపలో కూర్చుండి, చివరి బండి వచ్చు సవ్వడి విందురు. ఎవరైన పలుకరించిన నేటికిని “బాగుండాను” అనియే చెప్పుదురు. ఆ మాటను విని ఊరకుండక, ఇంకొంచెముసేపు ఆయనకడ కూర్చుండుట మన పని.